శివారు నుంచి చూస్తే

2022 జులైలో గోదావరి పొంగిన రాత్రి కోనసీమలో మా ఊరి ఏటిగట్టు మీద ఆడా మగా కలిపి రెండొందల మందిమి ఉంటాం. భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటిందని అందరి ఫోన్లలోనూ అదే కబురు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇచ్చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీలో 175 గేట్లూ ఎత్తేసి దాదాపు 26 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతున్నారు. 1986 ఆగస్టులో 35 లక్షలు చూసిన పెద్దవాళ్లు "ఇదీ ఓ వరదేంట్రా" అంటూనే అందరికంటే ముందు ఇసుక బస్తా భుజానికెత్తుకున్నారు.

గేట్లన్నీ ఎత్తేశాక బ్యారేజీ చెయ్యగలిగిందేమీ ఉండదు. అక్కణ్ణుంచి అంతర్వేది దాకా మమ్మల్ని కాసేది మట్టిగట్టు. ఆ గట్టుకి మధ్యమధ్య కన్నాలుంటాయి. మురుగు కాలువలు ఏట్లో పడేచోట కట్టిన స్లూయిజులవి. ఏరు తగ్గి ఉన్నప్పుడు చేలల్లో ముంపు నీళ్లు అందులోంచే బయటికి పోతాయి. ఏరు పెరిగిందంటే తలుపు దించెయ్యాలి, లేదంటే ఏరే ఊళ్లోకి వస్తుంది. ఆ రాత్రి మా స్లూయిజు తలుపు మూడొంతులు దిగి ఆగిపోయింది. నలుగురు కుర్రాళ్లు హ్యాండిల్ మీద వేలాడినా కదల్లేదు. తుప్పు.

కొబ్బరి మొద్దులు, బస్తాలు, ఎవరో రొయ్యల చెరువు నుంచి పట్టుకొచ్చిన నల్ల ప్లాస్టిక్ పట్టా కలిపి తెల్లారేలోపు ఆ సందు మూశాం. అప్పటికే లోపలికొచ్చిన నీళ్లు వారం పాటు కదల్లేదు. ఆకుమళ్లు కుళ్లిపోయాయి. మళ్లీ విత్తనాలు కొనుక్కుని నారు పోసుకున్నవాళ్లు పోసుకున్నారు, మిగతావాళ్లు సార్వా, అంటే తొలి పంట, వదిలేశారు.

మా నాన్న ఆ స్లూయిజు మీదే లస్కరుగా, అంటే తలుపు ఎత్తి దించే మనిషిగా, పనిచేసి 2008లో రిటైరయ్యారు. ఏటా తొలకరికి ముందు సొంత డబ్బుతో గ్రీజు డబ్బా కొనేవారు. "పైనుంచి ఇవ్వరా నాన్నా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఇస్తారు, వరదెళ్లాక" అనేవారు. ఆయన తర్వాత ఆ పోస్టులో ఎవర్నీ వెయ్యలేదు. పక్క ఊరి ఆయనకే ఇదీ అప్పజెప్పారు. ఆయనకి అప్పటికే మూడున్నాయి.

నేను చేసే ఉద్యోగం పేరు చెబితే మీకు నవ్వొస్తుంది. హైదరాబాదులో ఒక కంపెనీకి పెద్ద పెద్ద సర్వర్లు పడిపోకుండా చూడటం నా పని. పడిపోతే ఎలా లేపాలో రాసిపెట్టిన పత్రాలు నా దగ్గర వందల పేజీలున్నాయి. కరోనాలో ఊరొచ్చి ఇక్కణ్ణుంచే పనిచేస్తున్న రోజుల్లో, నా ఇంటికి అరకిలోమీటరు దూరంలో ఉన్న తలుపు ఒక డబ్బా గ్రీజు లేక పడిపోయింది.

కీలక మౌలిక వసతుల రక్షణ అనే మాట ఈ మధ్య తరచూ వింటున్నాం. మన సమాచార సాంకేతిక చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఏ కంప్యూటర్ వ్యవస్థ స్తంభించినా, ధ్వంసమైనా దేశ భద్రతకీ, ఆర్థిక వ్యవస్థకీ, ప్రజల ఆరోగ్యానికీ పెద్ద దెబ్బ తగులుతుందో దాన్ని కీలకమైనదిగా ఆ సెక్షన్ లెక్కగడుతుంది. వాటిని కాపాడటానికి 2014లో ఒక జాతీయ కేంద్రం కూడా పెట్టారు. కరెంటు, బ్యాంకులు, టెలికాం, రవాణా అందులోకి వస్తాయి. రావాలి కూడా. మా స్లూయిజు తలుపు ఆ జాబితాలో ఉండాలని నేను అడగను, అడిగితే మా బావే నవ్వుతాడు. నా గొడవ ఆ జాబితా రాసే తీరుతో. అది ఎప్పుడూ కాలువలకి నీళ్లు వదిలే హెడ్‌వర్క్స్ దగ్గర నిలబడి రాస్తారు.

డెల్టాలో పుట్టినవాడికి ఈ తేడా పాలతో వచ్చేస్తుంది. కాలువ మొదట్లో ఉన్న ఆసామికి నీళ్లెప్పుడూ ఉంటాయి. కాలువ పూడిందో, గట్టు జారిందో, ఎవడైనా అడ్డుకట్ట వేశాడో ముందు తెలిసేది కాలువ చివర ఉన్న శివారు రైతుకి. వాడి బోదెలోకి నీరు రాని రోజున పైన ఎక్కడో ఏదో తప్పిందన్నమాట. లాకుల దగ్గర గేజీ చూసి "నీళ్లు సరిపడానే వదులుతున్నామండి" అని ఆఫీసరు చెప్పేదీ నిజమే, చేను ఎండిందని శివారోడు చెప్పేదీ నిజమే. రెండు నిజాల మధ్య ఇరవై మైళ్ల కాలువ ఉంది.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేసిన నాటినుంచి ఈ డెల్టా ఒకే యంత్రం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు ముక్కలుగా ఏటిని ఆపి, మూడు డెల్టాలకి మళ్లించి, ఇవాళ పది లక్షల ఎకరాలకి పైగా తడుపుతున్నారు. మంచినీళ్లూ అవే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరూరా చెరువులు నింపుకుంటాం, మళ్లీ జూన్‌లో నీళ్లొదిలేదాకా తాగడానికవే. మా చిన్నప్పుడు చెరువు నిండిందా లేదా అని చూడటానికి కరణంగారి దగ్గర్నుంచి పాలేరు దాకా అందరూ గట్టెక్కేవారు. ఎందుకంటే చెరువు నిండలేదని మే నెలలో తెలిస్తే దారి లేదు. నా ఉద్యోగ భాషలో దాన్ని బ్యాకప్ అంటారు, ఆడిట్ అంటారు. ఊళ్లో దానికి పేరే లేదు, పొద్దున్నే చేసే పనుల్లో అదొకటి.

అయితే ఈ యంత్రం డెల్టాతో ఆగిపోదు. దాళ్వా, అంటే రెండో పంట, వచ్చేసరికి గోదావరిలో వచ్చే నీళ్లు చాలవు. ఏజెన్సీలో సీలేరు మీద కరెంటు తీసి వదిలిన నీళ్లు శబరిలో పడి, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, అవి ధవళేశ్వరం చేరితేనే శివారు చేలు గట్టెక్కుతాయి. మార్చి నెలలో మా అరుగుల మీద "సీలేరు ఎంతొదులుతున్నారట?" అన్నదే పెద్ద ప్రశ్న. అక్కడ టర్బైన్లు ఎన్ని తిరుగుతున్నాయన్నది కరెంటువాళ్ల లెక్క. ఆ లెక్క మీద ఇక్కడ వరి పాలుపోసుకునేదీ లేనిదీ తేలుతుంది. ఒక వ్యవస్థ పడితే ఇంకోటి ఎలా పడుతుందో చెప్పడానికి సదస్సుల్లో బాణాలూ డబ్బాలూ గీసి చూపిస్తారు. మా ఊళ్లో సన్నకారు రైతు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నప్పుడు మనకేం కాలేదు. మన అదృష్టం కాదది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైనుతో కలిసింది. కలవడం మంచిదే, కరెంటు కొరత రోజులు గుర్తున్నవాడెవడూ కాదనడు. కానీ కలిసిన తర్వాత పక్కింటి నిప్పు మన పందిరికీ అంటుకుంటుందన్న సంగతి కూడా దానితోపాటే వచ్చింది.

ఇక శత్రువు సంగతి. 2015 డిసెంబరు 23న పశ్చిమ ఉక్రెయిన్‌లో కరెంటు కంట్రోల్ రూముల్లో ఉద్యోగులు చూస్తుండగానే తెర మీద మౌస్ బాణం దానంతటదే కదిలి, సబ్‌స్టేషన్లలో కరెంటు కలిపే స్విచ్చులు, అంటే బ్రేకర్లు, ఒక్కొక్కటే ఆపేసుకుంటూ పోయింది. దాదాపు 2 లక్షల 25 వేల కనెక్షన్లకి కరెంటు పోయింది. దాడి చేసినవాళ్లు అంతటితో ఆగలేదు. దూరం నుంచి బ్రేకర్లు మళ్లీ వెయ్యడానికి వీల్లేకుండా సబ్‌స్టేషన్లలోని పరికరాల సాఫ్ట్‌వేర్ చెరిపేశారు. ఇంకా తెలివైన పని ఒకటి చేశారు. కంపెనీ ఫోన్ల మీదికి దొంగ కాల్స్ వరదలా వదిలారు. ఎక్కడ కరెంటు పోయిందో చెప్పడానికి జనం ఫోన్ చేస్తే లైను దొరక్కూడదని. శివారు గొంతు నొక్కెయ్యడమూ దాడిలో భాగమే అని వాళ్లకి తెలుసు.

అంత చేసినా కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. ఎలా? మనుషులు బళ్లెక్కి సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు. అక్కడి పరికరాల్ని ఇంకా చేత్తో తిప్పే వీలుంది, తిప్పడం తెలిసిన మనుషులూ ఉన్నారు. నా పనికి సంబంధించిన వార్తల్లో నేను పదిసార్లకి పైగా చదివింది ఇదొక్కటే. ప్రతిసారీ నాన్న గుర్తొస్తారు.

శత్రువే రానక్కర్లేదు కూడా. 2024 జులై 19న ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి పడిపోయాయి. కారణం, దొంగల్ని పట్టడానికి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే ఒక తప్పుడు అప్‌డేట్ పంపింది. కాపలా కుక్కే ఇంటివాణ్ణి కరిచింది. ఆ రోజు మా బృందం చేసిన పని చాలా మొరటుది. ఒక్కో మిషన్ దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, ఒక ఫైలు తీసేసి, మళ్లీ ఆన్ చెయ్యాలి. పన్నెండు గంటలు చేశాం. ఆ పని గబగబా చెయ్యగలిగినవాళ్లు మా అందరిలో ముగ్గురే. వాళ్లలో ఇద్దర్ని అంతకు ముందు నెలలోనే "ఆటోమేషన్ వచ్చేసింది కదా" అని వేరే పనికి మార్చబోయారు.

ఉక్రెయిన్‌లో శివారు గొంతు నొక్కడానికి హ్యాకర్లు కావలసి వచ్చింది. మనకి అంత ఖర్చక్కర్లేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపు పేలింది. నగరం అంటే పట్నం అనుకునేరు, మామిడికుదురు మండలంలో ఊరు పేరది. పద్దెనిమిది అంగుళాల పైపు. లీకైన గ్యాస్ మంచులా కొబ్బరి తోటల్లో పరుచుకుని ఉంది, ఎక్కడో నిప్పు రాజుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే. వారం తర్వాత నేను అటు వెళ్లినప్పుడు కొబ్బరి చెట్లు నల్లటి కర్రల్లా నిలబడి ఉన్నాయి, మొవ్వలు లేవు. వాసన వస్తోందని ముందు నుంచీ చెబుతూనే ఉన్నామని ఊరివాళ్లన్నారు. పొడి గ్యాస్ వెళ్లాల్సిన పైపులో నీరూ తడీ కలిసిన గ్యాస్ వెళ్లి లోపల తుప్పు తినేసిందని తర్వాత విచారణల్లో తేలింది. మళ్లీ తుప్పే.

ఆ పైపుకి కంచె ఉండి ఉంటే ఏం లాభం? కెమెరా పెడితే? లోపల తినేస్తున్న తుప్పు కెమెరాకి కనపడదు. అక్కడున్న అన్నింటికంటే మంచి సెన్సర్ ఊళ్లో ఆడవాళ్ల ముక్కు. దానికి ఒక ఫోన్ నంబరూ, ఆ నంబరు ఎత్తి "సరేనమ్మా, వస్తున్నాం" అనే మనిషీ ఉంటే చాలు. ఈ ప్రాంతానికి మంటలు కొత్త కూడా కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి పేలి (బ్లోఅవుట్ అంటారు) 65 రోజులు మండింది. రాత్రుళ్లు ఆ వెలుగు మైళ్ల దూరానికి కనిపించేది. నేనప్పుడు ఇంటర్మీడియెట్. ఆ వెలుగులో చదువుకోవచ్చని మా వాళ్లు హాస్యాలాడేవారు. భయానికి అదొక మందు.

ఇది రాస్తున్నప్పుడు ఒక మాట మింగెయ్యలేను. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలై, ఇళ్లు తగలబడ్డాక, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి. హింస ఆపాలన్నది న్యాయమే. కానీ పుకార్లు ఆపడానికి పెట్టిన ఆ మూత, ఫోన్‌పే మీద బతికే కూరగాయలామెకీ, రొయ్యల రేటు వాట్సాప్‌లో తెలుసుకునే రైతుకీ, నాలాంటి ఇంటినుంచి పని చేసేవాడికీ అందరికీ పడింది. నేను రోజూ లాప్‌టాప్ పట్టుకుని చించినాడ వంతెన దాటి పశ్చిమ గోదావరి ఒడ్డున చెట్టుకింద కూర్చునేవాణ్ణి. నాతోపాటు ఇంకో పదిమంది. టీ కొట్టాయన మాకోసం బెంచీ వేశాడు. "కీలక వసతి" జాబితాలో టెలికాం ఉంది. దాన్ని ఆపినవాళ్లు శత్రువులు కారు. శివారు నుంచి చూస్తే మాత్రం, సిగ్నల్ పోయినవాడికి ఎవరు పీకారన్నది రెండో ప్రశ్న.

మా బావ ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళలో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఓ గంట రెండు గంటల్లో రొయ్య తేలిపోతుంది. మూడు నెలల పెట్టుబడి తెల్లటి తెట్టులా గట్టుకి కొట్టుకొస్తుంది. అందుకని చెరువు గట్టునే జనరేటర్ పెట్టాడు. సాయంత్రం మేత వేశాక రోజూ దాన్ని పది నిమిషాలు తిప్పుతాడు. కరెంటు ఉండగానే. డీజిల్ దండగ కదా అన్నాను ఓసారి.

"దండగే బావా. కానీ ఇది తిరుగుద్దో లేదో రాత్రి రెండింటికి తెలుసుకోడం కంటే ఈ డీజిల్ చవకండి" అన్నాడు. కోపం వచ్చినప్పుడు నన్ను కూడా "అండి" అంటాడు.

చెరువు కౌలుకి తీసుకున్న పక్క రైతుకి జనరేటర్ లేదు. ఓ రాత్రి కరెంటు పోయింది, ఆ సంవత్సరం అతనికి పంటే లేదు. ఈ సంగతి పైకి ఏ లెక్కలోకీ ఎక్కదు. సబ్‌స్టేషన్ పుస్తకంలో అది రెండు గంటల అంతరాయం, అంతే.

దేశమూ డ్రిల్లు చేస్తుంది. 2025 మే 7న దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్లులు చేశారు. సైరన్లు మోగించారు, లైట్లార్పించారు, స్ట్రెచర్ల మీద మనుషుల్ని పరిగెత్తించారు. చెయ్యాల్సిందే, వెక్కిరించను. నేనడిగేది మా బావ డ్రిల్లు. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో ప్రతి స్లూయిజు తలుపునీ ఒకసారి పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి చూడండి. సబ్‌స్టేషన్‌లో కంప్యూటర్ కట్టేసి, ఉన్న మనుషులతో ఒక పూట నడిపి చూడండి. ఎంతమంది లైన్‌మన్లకి చేత్తో ఫీడర్ (కరెంటు లైను) మార్చడం తెలుసో అప్పుడు బయటపడుతుంది. గ్యాస్ పైపు మీద రాసిన ఫోన్ నంబరుకి రాత్రి పన్నెండింటికి ఒక ఊరివాడి చేత ఫోన్ చేయించండి. ఎత్తారా, ఎత్తితే ఎంతసేపటికి వచ్చారు? ఈ జవాబులు శివారులోనే దొరుకుతాయి. రాజధానిలో పెద్ద తెర మీద అన్నీ పచ్చగానే ఉంటాయి. నాకు తెలుసు, అలాంటి తెరలు తయారుచేసి ఇచ్చేది నాలాంటివాళ్లమే.

దీనికి వచ్చే ఎదురు వాదన తెలుసు. శత్రువులు డ్రోన్లతో, వైరస్‌లతో వస్తున్న కాలంలో నువ్వు గ్రీజు గురించి, లస్కర్ల ఖాళీల గురించి మాట్లాడతావేంటి అని. శత్రువు మాత్రం ఎక్కడ కొడతాడు? గట్టిగా ఉన్నచోట తలకాయ పెట్టి కొట్టుకోడు కదా. ఎక్కడ తుప్పు పట్టిందో, ఎక్కడ మనిషి లేడో, ఎక్కడ ఫోన్ ఎత్తరో అదే వెతుక్కుంటాడు. ఆ పటం మన దగ్గర లేకపోతే వాడి దగ్గరే ఉంటుంది. పైగా శత్రువు రాని సంవత్సరాల్లో కూడా గోదావరి వస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లనీ, స్తంభాలనీ, వెయ్యి మందికి పైగా మనుషుల్నీ తీసుకుపోయినప్పుడు దానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేకపోయింది.

డబ్బు లేదంటారా? కొత్త కంట్రోల్ రూములకి దొరుకుతున్న డబ్బు పాత తలుపులకి దొరకదు. కారణం చిన్నది. కంట్రోల్ రూముకి రిబ్బన్ కత్తిరించొచ్చు. గ్రీజు పూసినందుకు ఎవడు ఫొటో దిగుతాడు?

మా స్లూయిజు కథ మిగిలింది. వరదైన రెండేళ్లకి బాగుచేశారు. పాత తలుపు తీసి కొత్తది పెట్టి, పచ్చ రంగు వేసి, మోటారు బిగించి వెళ్లారు. బటన్ నొక్కితే దిగుతుంది. వరద రాత్రి కరెంటు తీసేస్తారు కదా, అప్పుడెలా అని అడిగితే, చేత్తో తిప్పే ఏర్పాటు కూడా ఉందండి అని చూపించారు. నిజమే, ఇరుసు ఉంది. దానికి హ్యాండిల్ లేదు. అడిగితే అది మాకిచ్చిన పనిలో లేదన్నారు. అటక మీద నాన్న వాడిన హ్యాండిల్ తీసి తీసుకెళ్లాను. సరిపోలేదు, ఇరుసు సైజు మారింది.

చివరికి ఊళ్లో చందాలేసుకుని రాజోలులో వెల్డర్ చేత చేయించాం. ఏడాదికోసారి గ్రీజుకి కూడా ఆ డబ్బులోంచే పక్కన పెట్టాం. ఆ హ్యాండిల్ ఎవరింట్లో ఉంచాలన్నదాని మీద పెద్ద చర్చ జరిగింది. పంచాయతీ ఆఫీసుకి రాత్రి తాళం పడుతుంది. ప్రెసిడెంటుగారు ఊళ్లో ఉండరు. మా ఇల్లు అంటే నేను హైదరాబాదు పోతానన్నారు. ఇప్పుడది రామాలయం మండపంలో, భజన తాళాలు తగిలించే మేకు పక్కనే వేలాడుతోంది. తాళం లేదు, రిజిస్టరు లేదు, ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా పెడితే ఆడిట్‌లో ఎర్ర గీత గీసేది నేనే.